ఎక్కించినోడి పేరు

తోటగెడ్డ పురపాలక సంఘంలో చెత్త బళ్ళు నడిపే డ్రైవర్లలో ఆడమనిషి ఝాన్సీ ఒక్కతే. సాలూరులో లారీల మధ్య పుట్టి పెరిగింది. తండ్రి నూకయ్య ఒడిశా ఘాట్‌రోడ్ల మీద బతుకంతా లారీ తోలినవాడు. కూతురు ముచ్చట పడితే కాదనకుండా పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ నేర్పాడు. ఆ చదువే ఇప్పుడు ఆమె ఇంటికి అన్నం పెడుతోంది.

ఆ ఉదయం షెడ్డులో టిప్పర్ స్టార్ట్ చేసి బ్రేకు మీద కాలు వేస్తే, బురదలో దిగినట్టు పెడల్ అడుగుదాకా దిగిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కితే కాస్త పట్టింది. మళ్ళీ వదిలి తొక్కితే మళ్ళీ అంతే. చాలా రోజులుగా అదే వరస. శానిటరీ ఇన్‌స్పెక్టర్ యుగంధర్‌కి ఆమె చెబుతూనే ఉంది, అతను తల ఊపుతూనే ఉన్నాడు.

ఇంజన్ ఆపి, తాళం పట్టుకుని అతని దగ్గరకు నడిచింది. యుగంధర్ గేటు దగ్గర నిలబడి 'రహదారి భద్రతా వారోత్సవాలు' అని రాసిన బ్యానర్ కట్టిస్తున్నాడు.

"సార్, ఈయేల ఈ బండి తియ్యను. బ్రేకు పూర్తిగా పోనాది."

"ఎక్కడ పోయింది? నాలుగుసార్లు తొక్కితే పడుతోందని నువ్వే అన్నావుగా." అతని చూపు బ్యానర్ మీదే ఉంది. "ఒరే, ఎడమవైపు ఇంకొంచెం లాగండ్రా!"

"కొండవీధి దిగినప్పుడు నాలుగుసార్లు తొక్కడానికి టయిముంటాదేటి సార్?"

"ధనరాజు వాటర్ ట్యాంకరు అంతకంటే అధ్వాన్నం. వాడు తోలడం లేదూ?"

"ఆడు తోల్తన్నాడని నాను తోలాలా?"

యుగంధర్ ఇప్పుడు తిరిగి చూశాడు. "చూడమ్మా ఝాన్సీ. కమిషనర్ గారి ర్యాలీ కొండవీధి మీంచే వెళ్తుంది. ఆ వీధిలో చెత్త కనపడితే ఆయన నన్ను తిడతారు. ఇవాల్టికి తోలు, రేపు మెకానిక్ మేస్త్రిని పిలుస్తా. తోలలేనంటే తాళం అక్కడ పెట్టి ఇంటికెళ్ళు. మీరందరూ అవుట్‌సోర్సింగ్ వాళ్ళేనని గుర్తుంచుకో. ఆడదానికి బండి ఇవ్వొద్దని మొదట్లోనే అన్నారు అందరూ. నేనే ఇప్పించాను."

ఆ ఆఖరి మాట ఆమె చెంప మీద కొట్టినట్టయింది. తాళం అక్కడ పెట్టకుండా బండి వైపు తిరిగింది. ఈ ఉద్యోగం కోసం ఎన్ని గుమ్మాలు తొక్కిందో ఆమెకే తెలుసు.

బండి దగ్గర లక్ష్మణమ్మ అప్పటికే చీర కొంగు నడుముకి బిగించి సిద్ధంగా ఉంది. ఆ టిప్పర్ మీద చెత్త ఎత్తే మనిషి. ఝాన్సీ ఆమెను అక్క వరసన 'అప్పా' అని పిలుస్తుంది. వయసు యాభై దాటింది. సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, ఒకప్పుడు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మిన మనిషి. ఆ గొంతు వీధి చివరికి కూడా వినిపిస్తుంది.

"ఏటన్నాడే?"

"రేపంట."

"ఆడి రేపు తగలెయ్య. ఎల్దాం పద. ఎండెక్కితే నాను ఆ కొండెక్కలేను. మెల్లగా తోలు." లక్ష్మణమ్మ బండి వెనక అడుగుమెట్టు మీదికి ఎక్కి ఇనుప కడ్డీ పట్టుకుంది. రోజూ నిలబడే చోటే.

ఝాన్సీ తాళం తిప్పింది.

కొండవీధి పేరుకు వీధి గానీ నిటారుగా దిగే సిమెంటు రోడ్డు. కింద బజారు. ఆ పొద్దున కూరగాయల వాళ్ళు, బడి ఆటోలు, ర్యాలీ చూడటానికి నిలబడ్డ జనం అక్కడ కిక్కిరిసి ఉన్నారు. చెత్త ఎత్తుకుని సగం దిగేసరికి బ్రేకు మొత్తంగా జారిపోయింది. ఝాన్సీ తొక్కింది, మళ్ళీ తొక్కింది. పెడల్ కింద ఏమీ లేదు. గేరు కిందికి లాగింది. ఇంజన్ అరిచింది గానీ చెత్తతో నిండిన బండి బరువు ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే తీగ తెగి పిడి చేతిలోకి వచ్చింది.

"అప్పా! దూకీ! దూకీ అప్పా!" అని కిటికీలోంచి అరిచింది.

బండి మీది మైకు 'తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు' అని పాడుతోంది. లక్ష్మణమ్మకు వినపడలేదు.

కింద బడి ఆటోలోంచి పిల్లలు దిగుతున్నారు. ఝాన్సీ స్టీరింగు ఎడమకు తిప్పి, బండిని కొండ పక్కనున్న రాతిగోడకు ఆనించింది. రాయి రేకును చీల్చుకుంటూ పోయింది. బండి గోడను రాసుకుంటూ కొంత దూరం జారి, ఒరిగి ఆగింది. బజారుదాకా వెళ్ళలేదు. ఆటోలోని పిల్లలకు ఏమీ కాలేదు.

లక్ష్మణమ్మ కాలు బండికీ గోడకీ మధ్య ఉంది.

ఝాన్సీ దిగి పరుగెత్తేసరికి లక్ష్మణమ్మ అరవడం లేదు. గోడ మీద తల ఆనించి, ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు నోరు తెరిచి ఉంది. జనం బండిని పక్కకు నెట్టినప్పుడు మాత్రం అరిచింది. చుట్టూ చేరినవాళ్ళలో సగంమంది సాయం పట్టారు, సగంమంది ఫోన్లు పట్టారు.

"ఆడోల్లకి బండిస్తే ఇలాగే ఉంటాది" అన్నాడెవడో.

ఝాన్సీ ఆ మాట అన్నవాడి వైపు తిరిగింది. చేతిలో తెగిన హ్యాండ్ బ్రేకు పిడి ఇంకా ఉంది. దాన్ని చూసి వాడు వెనక్కి తగ్గాడు. ఆమె దాన్ని రోడ్డు మీద విసిరికొట్టి, లక్ష్మణమ్మ తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు కోసం చూస్తూ కూర్చుంది.

యుగంధర్ ర్యాలీ లోంచే వచ్చాడు. ఇంకా మెడలో భద్రతా వారోత్సవాల కండువా ఉంది. మొదట బండి ముందు భాగం వంగి చూశాడు. తర్వాత జనాన్ని చూశాడు. లక్ష్మణమ్మను అందరికంటే ఆఖరున చూశాడు.

* * *

ఆ మధ్యాహ్నానికల్లా ఝాన్సీ మీద కేసు రాశారు. నిర్లక్ష్యంగా బండి నడిపి తోటి కార్మికురాలిని గాయపరిచిందని. విధుల్లోకి రావద్దన్నారు. సాయంత్రం ధనరాజు ఆమె ఇంటికి వచ్చాడు. అతను వాటర్ ట్యాంకరు డ్రైవరు, నెమ్మదస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"సెల్లీ, మేస్త్రి వచ్చినాడు. బండి షెడ్డుకి తేగానే బ్రేకు సామాను మొత్తం కొత్తది ఏసీసినాడు. హ్యాండ్ బ్రేకు తీగ కూడా. తర్వాతే ఆర్టీవో ఆపీసు బ్రేక్ ఇనస్పెక్టర్ని పిలిసినారు. ఆయన తొక్కి సూసి, బండి బాగున్నాది, తప్పు డ్రైవర్దే అని రాసుకెల్లిపోనాడు."

"నువ్వక్కడే ఉన్నావు గదా అన్నా. సెప్పలేపోయావా?"

ధనరాజు తల వంచుకున్నాడు. "నాకూ పిల్లలున్నారు సెల్లీ."

ఝాన్సీ అతణ్ణి తిట్టలేదు. ఇన్ని రోజులు పిలవని మేస్త్రిని, ఒక మనిషి కాలు నలిగాక, తప్పు కప్పెట్టడానికి ఒక్క పూటలో పిలిచారు. అంటే పిలవడం చేతకాక కాదు. ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేసి ఏడుస్తాననుకుంది గానీ ఏడవలేదు. జరిగినదంతా చెప్పింది.

"సూడమ్మా," అన్నాడు నూకయ్య. "గోడకేసి తప్పించినావు, మంచి పని సేసినావు. కాని బ్రేకు లేని బండి తియ్యమని నాను నీకు నేర్పనేదు."

ఆ మాట ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

లక్ష్మణమ్మను శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద ఎముక పొడిపొడి అయింది. డాక్టర్లు రాడ్లు వేశారు. పాదంలో సగం తీసేశారు. ఝాన్సీ వెళ్ళేసరికి కూతురు ఉష పక్కన కూర్చుని తల్లి నుదురు తుడుస్తోంది.

"అప్పా" అంది ఝాన్సీ మంచం దగ్గర నిలబడి.

లక్ష్మణమ్మ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో ఝాన్సీ ఎదురుచూసిన నొప్పి లేదు, కోపం ఉంది.

"ఎందుకొచ్చినావు?"

"నిన్ను సూద్దారని."

"సూసినావు గదా. నీకు తెలుసు బ్రేకు లేదని. తెలిసీ ఎందుకు తీసినావే బండి? ఆడు తిడతాడని భయమా? ఉజ్జోగం పోతాదని భయమా? నాకూ తెలుసు. నానెందుకెక్కినాను? నాకు బుద్ది లేదు. నీకూ నేదు. ఎల్లిపో ఇక్కడ్నించి."

"అప్పా, నాను..."

"ఎల్లిపోమన్నాను!" పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. లక్ష్మణమ్మ గోడవైపు తిరిగిపోయింది.

ఝాన్సీ బస్టాండుదాకా నడిచి వచ్చింది. దారి పొడవునా ఆమెకు యుగంధర్ మీద కోపం, ధనరాజు మీద కోపం, ఫోన్లు పట్టిన జనం మీద కోపం. అన్నిటికంటే ఆ ఉదయం తాళం తిప్పిన తన చేతి మీద కోపం.

* * *

వారోత్సవాల ముగింపు సభకు డ్రైవర్లందరూ రావాలన్నారు. ఝాన్సీ కూడా రావాలని యుగంధర్ ప్రత్యేకంగా కబురు పంపాడు. ఎందుకో ఆమెకు వెళ్ళాక తెలిసింది.

కౌన్సిల్ హాల్లో డ్రైవర్లకు మెరిసే పచ్చ జాకెట్లు తొడిగించి, ఫోటో తీసి, మళ్ళీ విప్పించి పెట్టెలో పెట్టేశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుర్ర శిక్షకుడు తెర మీద బొమ్మలు చూపించి, బండి తీసేముందు ఏమేం పరీక్షించాలో చెప్పాడు. టైర్లు, అద్దాలు, లైట్లు, బ్రేకులు. డ్రైవర్లు మొహాలు చూసుకున్నారు. సగం బళ్ళకు పక్క అద్దాలే లేవు.

తర్వాత కమిషనర్ లేచాడు.

"డ్రైవర్ నిర్లక్ష్యం ఎంత ప్రమాదమో మీ కళ్ళముందే ఉదాహరణ ఉంది. ఝాన్సీ, లేచి నిలబడమ్మా. ఈమె కొంచెం జాగ్రత్తగా ఉండి ఉంటే ఒక పేద కార్మికురాలు ఇవాళ కాలు పోగొట్టుకునేది కాదు. ఏమ్మా, నీ అనుభవం నీ తోటివాళ్ళకి చెప్పు. వాళ్ళన్నా నేర్చుకుంటారు."

ఝాన్సీ లేచింది.

"నానేమీ సెప్పను సార్. బయట యార్డులో ధనరాజన్న ట్యాంకరున్నాది. నీల్లు నింపీసి ఉన్నాది. మీరొచ్చి నా పక్కన కూకోండి. యుగంధర్ ఇనస్పెక్టర్ గారు ఎనకాల, లక్ష్మణమ్మప్ప నిలబడినట్టుగా నిలబడతారు. కొండవీధి ఎక్కి దిగొద్దాం. దిగినాక నాది నిర్లక్ష్యమే అని మీరు రాసుకోండి. నాను సంతకం పెడతాను."

"ఏం మాట్లాడుతున్నావ్?" యుగంధర్ ముందుకొచ్చాడు. "కూర్చో!"

"కూకోను. ట్యాంకరు బ్రేకు బాగుంటే ఎక్కడానికి మీకేటి? ఎక్కండి."

"నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నాడు కమిషనర్.

"తెలుస్తన్నాది సార్. ఆ బండి ఎక్కనోల్లతోటి మాటాడతన్నాను."

కమిషనర్ యుగంధర్ వైపు చూశాడు. యుగంధర్ నేల వైపు చూశాడు. శిక్షకుడు మెల్లగా, "ఒకసారి బళ్ళన్నీ తనిఖీ చేయిస్తే మంచిదేమో సార్" అన్నాడు. కమిషనర్ చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ధనరాజు లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా నడిచి వెళ్ళి, జేబులోంచి ట్యాంకరు తాళం తీసి కమిషనర్ ముందు బల్ల మీద పెట్టాడు.

"ఆ టిప్పర్ బ్రేకు సామాను ఆ మజ్జాన్నం నా కళ్ళముందే మార్సినారు సార్" అన్నాడు. "నా బండికీ మార్సండి. అప్పుడు తోల్తాను."

అతని వెనక ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. తాళాలు బల్ల మీద ఒక్కొక్కటే పడ్డాయి. అందరూ పెట్టలేదు. కొందరు తల వంచుకుని కూర్చుండిపోయారు. ఝాన్సీ వాళ్ళ వైపు చూడలేదు.

తర్వాతి రోజులు మంచివి కావు. ఊళ్ళో చెత్త కుప్పలు పెరిగాయి. ట్యాంకర్లు రాక కాలనీల్లో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ళు తిట్టింది కమిషనర్‌ని కాదు, డ్రైవర్లని. ఝాన్సీ గుమ్మంలో ఎవరో కుళ్ళిన చెత్త సంచి విసిరిపోయారు. బళ్ళు తోలడానికి కమిషనర్ బయటి డ్రైవర్లను తెప్పించాడు. అందులో ఒకడు ధనరాజు ట్యాంకరును గేటు దాటించి, అక్కడే ఆపి దిగిపోయాడు.

"ఇది బండేటండీ? నన్ను సంపీద్దారనే?" అని యుగంధర్ మీద అరిచి, ఇచ్చే కూలి కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ మాట ఊరంతా పాకింది.

* * *

ఒక మధ్యాహ్నం ఉష ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ నిన్ను బేగి రమ్మంతంది. యుగంధర్ సారు వస్తాడంట."

ఝాన్సీ వార్డు గుమ్మం దగ్గరకు వచ్చేసరికి లోపల యుగంధర్ ఉన్నాడు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, చేతిలో పళ్ళ సంచితో, చాలా మెత్తగా మాట్లాడుతున్నాడు. ఝాన్సీ గుమ్మంలోనే ఆగిపోయింది. అతను ఆమెను చూడలేదు. లక్ష్మణమ్మ చూసింది, చూడనట్టు ఉండిపోయింది.

"నీకు ఇక పని చేయడం కష్టం కదా లక్ష్మణమ్మా. నీ కూతురికి నీ ఉద్యోగం ఇప్పిస్తాను. కమిషనర్ గారు మాట ఇచ్చారు. పోలీసులు వస్తే ఒక్క మాట చెప్పు. ఝాన్సీ ఫోన్ మాట్లాడుతూ బండి తోలిందని. అంతే."

లక్ష్మణమ్మ పళ్ళ సంచి వైపు చూసింది. "నా పిల్లని ఏ బండి మీదెక్కిస్తారు బాబూ?"

"నీ బండే. అదే టిప్పర్."

"అమ్మో! అదా?"

"భయపడకు. ఇప్పుడు బ్రేకు బాగు చేయించాంగా."

"ఆహా." లక్ష్మణమ్మ మోచేతుల మీద లేవబోయింది. "ఇప్పుడు బాగుసేసినారు. అంటే అప్పుడు బాగోనేదు!"

"ఇన్నారా?" లక్ష్మణమ్మ గొంతు చేపలమ్మిన రోజుల్లోలా లేచింది. వార్డులో నర్సు, పక్క మంచాల వాళ్ళు, వాళ్ళ చుట్టాలు అందరూ ఇటు తిరిగారు. "ఇన్నారా ఈడేటన్నాడో? నా కాలు నలిపీసినారు. నలిగిన కాడికే నా పిల్లని తెచ్చి నిలబెడతారంట. పైన ఆ ఝాన్సీ గుంట మీద అబద్దం నన్ను సెప్పమంటన్నాడు. లెగు! లెగరా ఇక్కడ్నించి!"

లక్ష్మణమ్మ విసిరిన స్టీలు గ్లాసు అతని భుజానికి తగిలి కింద పడింది. యుగంధర్ లేచి, గుమ్మంలో ఝాన్సీని చూసి, ఒక్క క్షణం ఆగి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. పళ్ళ సంచి స్టూలు మీదే ఉండిపోయింది. ఉష దాన్ని తీసి అతని వెనకే కారిడార్‌లోకి విసిరింది.

లక్ష్మణమ్మ వగరుస్తూ వెనక్కి వాలింది.

"ఆటో పిలువు" అంది ఝాన్సీతో.

"ఎక్కడికప్పా? డాట్రు ఒప్పుకోడు."

"డాట్రు కాలు కాదు ఇది. పోలీసోల్ల కాడికి."

వెళ్ళనివ్వనని నర్సు మొండికేసింది. కానీ ఆ నర్సే, విన్నదంతా తానూ చెబుతానని, పోలీసులనే ఇక్కడికి పిలిపిద్దామని అంది. ఎస్సై మర్నాడు వచ్చాడు. మొదట విసుక్కున్నాడు.

"బండి బాగానే ఉందని రిపోర్టు ఉందమ్మా. నువ్వు చెప్తే సరిపోదు."

"బండి బాగున్నాదని ఎవులు రాసినారో ఆల్లొచ్చి ఇక్కడ నా కాలు సూసి సెప్పమనండి" అంది లక్ష్మణమ్మ. "బ్రేకు నేదని నాకు తెలుసు. దీనికి తెలుసు. ఆ యుగంధర్ ఇనస్పెక్టరుకి తెలుసు. దీని పేరు రాసినారు గదా, సరే, ఉంచండి. అది తోలింది, తప్పే. మరి ఎక్కించినోడి పేరేది? ఆ పేరు రాయందే మీరు ఇక్కడ్నించి కదలకండి బాబూ. కదిలితే నాను ఈ రాడ్ల తోటే పాకుతూ మీ ఎనకాలొస్తాను."

నర్సు చెప్పింది. పక్క మంచం మీది గంగరాజు అనే ముసలాయన చెప్పాడు. తర్వాత ధనరాజు వచ్చి, మేస్త్రి ఏ పూట వచ్చాడో చెప్పాడు. మేస్త్రిని పిలిపిస్తే అతనూ ఒప్పుకున్నాడు. కేసులో యుగంధర్ పేరు చేర్చారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చి ఈసారి బళ్ళన్నీ చూశాడు. చాలావాటిని రోడ్డెక్కకుండా ఆపేశాడు. ఆ రోజు టిప్పర్‌లో సామాను కొత్తగా ఉన్నట్టు తనకూ అనుమానం వచ్చిందని కూడా చెప్పాడు.

అది విన్నప్పుడు ఝాన్సీకి సంతోషం కలగాలి. కలగలేదు. ఇందరికి తెలుసా ఈ సంగతి? ఇందరు నోరు మూసుకునే ఉన్నారా?

బళ్ళు ఒక్కొక్కటీ బాగై వచ్చాయి. కొన్ని కొత్తవి కూడా వచ్చాయి. వెనక అడుగుమెట్టు మీద మనుషులు నిలబడకూడదని, క్యాబిన్‌లోనే కూర్చోవాలని ఆర్డరు వచ్చింది. యుగంధర్‌ని సస్పెండ్ చేసి, కొన్నాళ్ళకు వేరే ఊళ్ళో పోస్టింగు ఇచ్చారు. కమిషనర్ పెద్ద పట్టణానికి బదిలీ మీద వెళ్ళాడు. వెళ్ళేముందు అతనికి శాలువా కప్పారు. ఝాన్సీని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు గానీ ఆమె మీది కేసు కోర్టులో నడుస్తూనే ఉంది. ఉష ఆ ఉద్యోగం వద్దని అరసవల్లిలో ఒక మందుల షాపులో చేరింది.

లక్ష్మణమ్మ కర్రతో నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా ఇద్దరూ కలిసే కోర్టుకు వెళ్తారు. మొన్నటి వాయిదా తర్వాత కోర్టు బయట చెట్టు నీడలో కూర్చుని టీ తాగుతున్నారు.

"నీ మీద నాకు కోపం పోనాదనుకోకు" అంది లక్ష్మణమ్మ ఉన్నట్టుండి.

"అనుకోనేదు."

"రేత్రుల్లు ఈ కాలు లాగినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటాను. ఆడినీ తిట్టుకుంటాను. నిన్నే ముందు."

"తిట్టప్పా."

"మరి ఏడవవేటి?"

ఝాన్సీ గ్లాసు కింద పెట్టింది. "ఏడిస్తే మనసు సల్లారిపోతాది. సల్లారిపోతే రేపొద్దున ఇంకొకడొచ్చి, ఈయేల్టికి తోలమ్మా అంటే, మల్లీ తోలీస్తాను."

లక్ష్మణమ్మ ఆమె మొహంలోకి చూసింది. కర్ర ఊతం చేసుకుని లేచి, రెండో చేయి చాపింది. ఝాన్సీ ఆ చేయి పట్టుకుని, ఆమె అడుగు వేసేదాకా ఆగి, బస్టాండు వైపు నడిచింది.